జంపింగ్‌కు ఏ జాతి గుర్రం? ఏడేళ్ల వాడకం తర్వాత

జడ్చర్ల దాటాక మాకు నాలుగెకరాల చల్క భూమి ఉంది. అందులో అరెకరంలో ఇసుక పోయించి, జామాయిల్ కర్రలు, తారు డ్రమ్ములతో అడ్డంకులు పెట్టుకుని ఏడేళ్లుగా నేనూ మా అమ్మాయీ గుర్రాలను దూకిస్తున్నాం. పోటీలకు పోయేంత మొనగాళ్లం కాదు, మీటరు లోపే మా ఆట. దానికి ఏ గుర్రం పనికొస్తుందో చేతులు కాల్చుకునే తెలుసుకున్నాను.

మొదట కొన్నది రాజస్థాన్ జాతి మార్వాడీ గుర్రం. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతుంటే ఆ అందానికే పడిపోయాను. బరాత్‌లలో తిరిగింది కాబట్టి బ్యాండుకూ పటాకులకూ బెదరదు. గిట్టలు రాయి లాంటివి. మే ఎండలో కూడా దాణా వదలదు. తంటా అంతా అడ్డంకి దగ్గరే. మార్వాడీలకు రేవాల్ అనే నడక ఉంది, మీద కూర్చున్నవాడికి ఉయ్యాలలా హాయి. దూకాలంటే మాత్రం కాంటర్ (మెల్లని దౌడు) కావాలి, వెనక కాళ్లు పొట్ట కిందికి రావాలి. మావాడు కర్ర కనబడగానే కాంటర్ వదిలి రేవాల్‌లోకి జారుకునేవాడు. మెడ పైకెత్తి, వీపు కుంగదీసి, మేకలా నిట్టనిలువుగా ఎగిరేవాడు. 70 సెంటీమీటర్ల దాకా పరవాలేదు, 90కి కర్ర పడేది. ఆర్నెల్లు నేల మీద కర్రలు పరిచి ట్రాట్‌లో (కాంటర్ కన్నా నెమ్మదైన పరుగులో) దాటిస్తే గానీ మెడ దించలేదు. జాతి మొత్తాన్నీ అనను, మావాడి సంగతే చెప్తున్నా.

తర్వాత రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ (రేసుల కోసమే పెంచే జాతి) కోసం తిరిగాను. పరుగుకు పనికిరాని గుర్రం దూకడానికీ పనికిరాదనుకోవద్దు. 1949లో చిలీలో 2.47 మీటర్లు దూకి, ఇప్పటికీ చెరగని రికార్డు పెట్టిన హువాసో కూడా రేసుల్లో రాణించని థరోబ్రెడ్డే. ఆ ఉత్సాహంలో ఒక దళారి మాట నమ్మి డబ్బు కట్టేశాను. బండి దిగాక గుర్రాల బాగోగులు చూసే మా సాయిసు చాచా ముందరి కాలు వెనకవైపు చెయ్యి వేసి పైనుంచి కిందికి మెల్లగా జార్చాడు. మోకాలి కింద టెండన్ (కండను ఎముకకు కట్టే పట్టీ) విల్లులా ఉబ్బి ఉంది. వేలితో నొక్కగానే కాలు లాక్కుంది. "ప్రయాణం వాపు" అన్నాడు దళారి. చాచా ఒకటే మాటన్నాడు: "నడుస్తది పటేలా, దునకది." అది ఇప్పటికీ మా చెట్ల కింద గడ్డి మేస్తోంది.

రెండోసారి మలక్‌పేటలో పరుగులు తీసిన ఆడ గుర్రం దొరికింది. ఏడేళ్లలో నాకు దక్కిన మేలు ఇదే. భుజం ఏటవాలుగా ఉంటుంది, మోకాళ్లు ఛాతీ దాకా ముడుస్తుంది, మీటరు కర్ర దానికి లెక్కే కాదు. మొదటి రెండు నెలలు మాత్రం నరకం. కళ్లెం బిగించిన కొద్దీ ఉరికేది, రేసుల్లో దానికి అలవాటైంది అదే మరి. ఇంకో సంగతి: గుర్రానికి ముక్కు ముందు కొంత మేర కనబడదు. అందుకే దగ్గరికి వస్తూ తల కదిపి కర్రను కొలుచుకుంటుంది. అప్పుడు కళ్లెం లాగితే గుడ్డిగా దూకమన్నట్టే. మేం చేతులు వదులు చేయడం నేర్చుకున్నాక అదీ నెమ్మదించింది.

దీని బాధ గిట్టలు. అడుగు పల్చన, చల్కలో గులకరాయి గుచ్చుకుంటే వారం కుంటుడే. లాడాలు లేకుండా కుదరదు. ఎండాకాలం ఒళ్లు తగ్గుతుంది, ఉలవలు పెంచితే తల మీదికెక్కుతుంది. కొన్న ధర కన్నా ఏడాది మేపు ఖర్చే ఎక్కువైంది.

చిన్న పిల్లలుంటే నాటు తట్టు, అంటే పొట్టి గుర్రం (పోనీ) చాలు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిన స్ట్రోలర్ పోనీయే కదా. హానోవేరియన్, హోల్‌స్టైనర్ లాంటి జర్మన్ జాతులు 1.60 మీటర్లు దూకే పెద్ద పోటీలవాళ్లకు. మన బడ్జెట్టూ కాదు, మన ఎండకూ కాదు.

కొనేముందు మీద మనిషి లేకుండా ఖాళీగా వదిలి, చిన్న కర్ర దాటించి చూడండి. కాగితాల్లో జాతి ఏదైనా, వెనక కాళ్లతో నేలను తన్ని లేచేదే మన గుర్రం. మా ఆడ గుర్రానికి వయసు మీద పడుతోంది, దసరాకల్లా ఇంకోటి చూడాలి. కాళ్లు తాను తడిమేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దని చాచా ముందే ఒట్టు వేయించుకున్నాడు.