నల్గొండ పూలకొట్టులో హవాయి దండ: మల్లె భేష్, దారమే బాగా లేదు

హవాయి వాళ్లు మెడలో వేసే పూలదండ పేరు లేయ్. అందులోకి వెళ్లే పూలు చాలావరకు మన గుడి ముందర అమ్మేవే. వాళ్ల పికాకే మన మల్లె, ప్లుమేరియా మన దేవగన్నేరు, ట్యూబ్‌రోజ్ మన లిల్లీ, క్రౌన్ ఫ్లవర్ మన జిల్లేడు. అయినా నల్గొండ క్లాక్ టవర్ వైపు ఒక కొట్టులో చేయించిన నాలుగు దండల్లో రెండే కుదిరాయి. పూల రకంలో లోపమేమీ లేదు, వాటిని తెచ్చే తీరులోనూ గుచ్చే తీరులోనూ ఉంది.

మన దగ్గర పూలను జతలుగా పేర్చి ముడి వేస్తూ కడతారు. ఈ నాలుగు పూల లేయ్‌కు పొడవాటి సూదితో ఒక్కో పువ్వునూ నడిమధ్యలో గుచ్చాలి. కొట్టులో "హవాయి దండ" అంటే ఎవరికీ తెలియదు. "ముడి వద్దు, గుచ్చండి, కుచ్చు పెట్టొద్దు" అని విడమరిచి చెప్పాలి. లేయ్ సగం ముందుకు, సగం వీపు మీదకు వేలాడుతూ భుజాల మీద ఆనుతుంది. కుచ్చు బరువు పడితే ముందుకు జారిపోతుంది. పొడవు 40 అంగుళాలు, అంటే రెండు మూరల మీద నాలుగు అంగుళాలు.

నాలుగింటిలో మల్లె దండ అన్నిటికన్నా బాగుంది. హవాయి యువరాణి కయులానికి నెమళ్లన్నా ఈ పువ్వన్నా ప్రాణం. నెమలికి అక్కడ వాడే మాట పికాకే, అదే పువ్వుకూ పేరైంది. దీనికి బిగువైన తెల్ల మొగ్గే కావాలి. సాయంత్రానికి విచ్చుకునే పువ్వు కాబట్టి పొద్దున్నే కొనాలి. మధ్యాహ్నం దాటాక, నీళ్లు చల్లి చల్లి ఉంచిన మొగ్గలకు ఎండ వేడికి గోధుమరంగు మచ్చలు పడతాయి. పచ్చటి తొడిమ గిల్లేసి, అడుగు నుంచి కొన వైపు నిలువుగా సూది దింపాలి. మొగ్గ రెండు సెంటీమీటర్లు ఉంటే ఒక వరుసకు 50 దాకా పడతాయి. పెళ్లి దండైతే వరుసలు పెంచుకోవచ్చు. తడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచితే సాయంత్రం దాకా బిగువుగానే ఉంటాయి.

కొట్టువాళ్లు మిషన్ దారం వాడారు. సన్నటి దారం మెత్తటి పువ్వును కోసేస్తుంది. నైలాన్ తీగ మీదైతే పూలు నిలవకుండా గిరగిర తిరిగిపోతాయి. ముతక నూలు దారాన్ని రెండు పేటలు చేసి, తడిపి ఇవ్వండి, పువ్వును పట్టి ఉంచుతుంది.

లిల్లీ దండ రెండో స్థానం. విడిపూలుగా దొరికే ఒంటి రేకు రకమే అడగాలి. కాడలతో అమ్మే ముద్ద రకం లావెక్కువై దండ బిర్రుగా నిలబడుతుంది.

దేవగన్నేరు కొట్టులో ఉండదు, చెట్టు నుంచి తెచ్చివ్వాలి. హవాయికి కూడా అది 1860లో బయటి నుంచి వెళ్లిన చెట్టే. దండకు 50 నుంచి 60 పూలు. తుంచగానే పాలు కారతాయి, అవి ఆరాకే గుచ్చాలి. వేలు గట్టిగా తగిలినచోట రేకు నల్లబడుతుంది. మా దండ చెడింది అక్కడే, గంపలో అదిమి తెచ్చారు.

జిల్లేడు శనివారం హనుమంతుడి మాలల కోసం వస్తుంది, ముందురోజే చెప్పాలి. హవాయి రాణి లిలియుఒకలానికి ఇష్టమైన పువ్వు ఇదే. రేకులు తీసేసి, నడుమ కిరీటంలా నిలిచే భాగాన్నే గుచ్చాలి. కొట్టులో రేకులతో సహా గుచ్చేశారు, ఆకారమే పోయింది. పాలు కంటికి చాలా ప్రమాదం. పూలను నీళ్లలో వేసి పాలు పోనిచ్చాకే ముట్టుకోవాలి, తర్వాత చేతులు సబ్బుతో కడగాలి. సరిగ్గా చేస్తే మల్లెకన్నా ఎక్కువసేపు నిలిచేది ఇదే.

సీమంతానికి చేయిస్తుంటే మాత్రం రెండు కొసలూ కలిపి ముడి వేయొద్దని చెప్పండి. హవాయిలో గర్భిణికి మూసిన లేయ్ వేయరు, కొసలు విడిగా వదిలిన దండే వేస్తారు.