2006 గ్రాండ్ మార్కీ: పదేళ్లకు పైగా నడిపాక రాస్తున్న రివ్యూ

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఏ కార్లు ఉంటాయో అందరికీ తెలుసు. క్యామ్రీ, ఒడిస్సీ, సియెన్నా, ఈ మధ్య టెస్లా. మా ఇంటి ముందు మాత్రం 2006 మెర్క్యురీ గ్రాండ్ మార్కీ ఉంటుంది. దాదాపు పద్దెనిమిది అడుగుల పొడవు, ముందు వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, దాని బలం వెళ్లేది వెనక చక్రాలకి. దీన్ని అమ్మిన మెర్క్యురీ అనే ఫోర్డ్‌వాళ్ల బ్రాండ్ కూడా ఇప్పుడు లేదు. "ఇంకా ఎందుకయ్యా దీన్ని పట్టుకుని వేలాడుతున్నావ్" అని అడిగేవాళ్లకి ప్రతి పార్టీలోనూ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, ఒకచోట పూర్తిగా రాస్తున్నా. నా కారణం ఒక్కటే: ఇందులో ఏ భాగం ఏం చేస్తుందో నాకు తెలుసు, పాడైతే దాదాపు ఏదైనా నా గరాజ్‌లో నేనే విప్పి బిగించగలను. ఇంత పెద్ద కారు గురించి ఆ మాట అనగలగడం నాకు చాలా పెద్ద విషయం.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక కథ. ఫోర్డ్‌వాళ్లు పాంథర్ అనే ప్లాట్‌ఫామ్‌ను, అంటే కొన్ని కార్లకి ఉమ్మడిగా వాడే అడుగుభాగాన్ని, 1979 మోడల్‌తో మొదలుపెట్టి 2011 దాకా నడిపారు. చివరి రోజుల్లో దాని మీద మూడు కార్లు వచ్చేవి: పోలీసులూ టాక్సీవాళ్లూ వాడిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, ఎయిర్‌పోర్ట్ లిమోగా అందరూ చూసిన లింకన్ టౌన్ కార్, ఈ రెండింటికీ మధ్యలో మా మెర్క్యురీ. పైన రేకులు వేరు, లోపల సీట్లు వేరు, అడుగున మాత్రం చాలావరకు ఒకటే. లారీకి ఉన్నట్టు విడిగా ఉక్కు ఫ్రేమ్, దాని మీద బాడీ, మధ్యలో ఇంజిన్ బలాన్ని వెనక్కి చేర్చే పొడుగాటి డ్రైవ్ షాఫ్ట్, వెనక 8.8 అంగుళాల గేరున్న సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు). ఇదే తరహా పెద్ద కార్లు, అంటే క్యాప్రిస్, ఇంపాలా ఎస్‌ఎస్, రోడ్‌మాస్టర్, మా పక్కనే ఆర్లింగ్టన్‌లోని జీఎం ప్లాంట్‌లో తయారయ్యేవి. 1996 చివర్లో వాటిని ఆపేసి ఆ ప్లాంట్‌ను ట్రక్కులకీ ఎస్‌యూవీలకీ ఇచ్చేశారు. అప్పట్నుంచి ఈ పాత పద్ధతి అమెరికన్ పెద్ద సెడాన్‌కి మిగిలింది పాంథర్ ఒక్కటే. 2010లో మెర్క్యురీని మూసేస్తున్నామన్నారు, 2011 జనవరిలో ఆఖరి గ్రాండ్ మార్కీ బయటికొచ్చింది. అదే ఆఖరి మెర్క్యురీ కూడా.

నేను కొన్నది ఒక పెద్దాయన దగ్గర. ఈ కార్లు ఎక్కువగా పెద్దవాళ్లే కొన్నారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో మంచివి దొరికే అవకాశం ఎక్కువ. గరాజ్‌లో పెట్టుకుని, చర్చికీ డాక్టర్ దగ్గరికీ మాత్రమే నడిపి, ఆయిల్ మార్చిన ప్రతి రసీదూ దాచిపెట్టుకున్నవాళ్లు ఉంటారు. అలాంటి కారు దొరికితే మైళ్లు చూసి భయపడకండి.

ఇక నడపడం. ఐ-45 హైవే మీద హ్యూస్టన్ వైపు డెబ్బై మైళ్ల వేగంలో పోతుంటే, ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపే టాకోమీటర్ ముల్లు 2 వేలు కూడా దాటదు. ఇంజిన్ ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. 4.6 లీటర్ల వీ8, ఒకే ఎగ్జాస్ట్ ఉన్నదానికి 224 హార్స్ పవర్, రెండు ఎగ్జాస్ట్‌లుంటే 239. ఈ రోజుల్లో నాలుగు సిలిండర్ల కారు కూడా అంత ఇస్తుంది, నిజమే. కానీ కింది వేగాల్లోనే దీనికి బలం దొరుకుతుంది, కాలు మెల్లగా వేస్తే చాలు బండి దానంతటది కదులుతుంది. రోడ్డు మీద కాంక్రీటు అతుకులు, గుంతలు చాలావరకు సీటుదాకా రావు. మలుపుల్లో మాత్రం బరువు తెలుస్తుంది, స్టీరింగ్ బాగా తేలిక, దీన్ని స్పోర్ట్స్ కారులా తిప్పాలని చూస్తే నచ్చదు. దీని పని దూర ప్రయాణం. ఆ పనిలో ఇంతకు మూడింతలు ఖరీదైన కొత్త కార్లలో కూర్చున్నప్పుడు కూడా నా నడుముకి ఇంత సుఖం దొరకలేదు.

ముందు సీటు బెంచ్, గేర్ లీవర్ స్టీరింగ్ పక్కన. మా నాన్న ఊళ్లో ట్రావెల్స్ అంబాసిడర్ నడిపిన మనిషి, విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు డోర్ తీసి కూర్చోగానే "ఒరేయ్, గేరు స్టీరింగ్ దగ్గరే ఉందేరా, మన పాత అంబాసిడర్‌కి ఉన్నట్టు" అన్నారు. మిగతా కార్లలో ఎక్కడానికి దిగడానికి మోకాళ్ల నొప్పితో ఆయన ఇబ్బంది పడేవారు. ఇందులో తలుపు వెడల్పు, సీటు ఎత్తు సరిగ్గా ఉండి ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే దిగేవారు. ఉన్నన్నాళ్లూ గుడికైనా షాపుకైనా ఈ కారే తియ్యమనేవారు.

డిక్కీ 20.6 క్యూబిక్ అడుగులు. అంకె కన్నా దాని ఆకారం ముఖ్యం. మధ్యలో లోతైన గుంట ఉంటుంది, స్పేర్ టైర్ లోపలివైపు యాక్సిల్ పైన అరమీద కూర్చుంటుంది. ఆ గుంటలో పెద్ద సూట్‌కేసులు నిలబెట్టొచ్చు. డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఎయిర్‌పోర్ట్)లో ఇండియా నుంచి దిగిన అత్తామామల యాభై పౌండ్ల పెట్టెలు నాలుగూ లోపలికి పోయాక కూడా పచ్చళ్ల డబ్బాల సంచికి చోటుంటుంది.

అసలు విషయం రిపేర్లు. హుడ్ ఎత్తితే ఇంజిన్ పొడుగ్గా ముందు నుంచి వెనక్కి ఉంటుంది, చుట్టూ చేతులు పెట్టుకునే చోటుంటుంది. ఆల్టర్నేటర్ ఇంజిన్ నెత్తిమీదే ఉంటుంది, నాలుగు బోల్టులు విప్పితే చేతిలోకి వస్తుంది. టైమింగ్ బెల్ట్ లేదు, చైన్. స్పార్క్ ప్లగ్స్ మార్చడం మాత్రం ఓపిక పని. ఒక్కో ప్లగ్ లోతైన గొట్టంలాంటి గుంటలో ఉంటుంది, దాని మీద దానికి కరెంటు ఇచ్చే కాయిల్. కాయిల్ తీయగానే ప్లగ్ విప్పేయకూడదు. ముందు కంప్రెస్డ్ ఎయిర్‌తో ఆ గుంటలోని ఇసుక, మట్టి ఊదేయాలి, లేకపోతే అదంతా సిలిండర్‌లోకి పోతుంది. కొత్త ప్లగ్‌ని రెంచ్‌తో కాకుండా దాని తలకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి వేళ్లతో తిప్పుతూ దించుతాను. మర సరిగ్గా పడితే సాఫీగా తిరుగుతుంది, అడ్డం పడితే రబ్బరే జారిపోతుంది, అల్యూమినియం హెడ్ పాడవదు. పాత మోడళ్ల హెడ్స్‌లో ప్లగ్‌ని పట్టుకునే మరలు తక్కువ కాబట్టి ప్లగ్ ఊడి బయటికొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి, అందుకే ఈ జాగ్రత్త.

ఇంకొకటి. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కారులో గాలి ముఖం మీదకి రాకుండా అద్దం మీదకే పోతుంటే కంగారుపడి డాష్‌బోర్డ్ అంతా విప్పించకండి. ఏసీ కంట్రోల్ డబ్బా వెనక గాలి దారి మళ్లించే చిన్న వాక్యూమ్ వాల్వులు ఉంటాయి, వాటిలోని ఓ-రింగులు (రబ్బరు రింగులు) వయసుకి ఎండి కుంచించుకుపోతాయి, వాక్యూమ్ లీకవుతుంది, లీకైతే గాలి డీఫ్రాస్ట్‌కి, అంటే ముందు అద్దం మీదకి, పోయేలాగే దాన్ని డిజైన్ చేశారు. నేను రేడియో చుట్టూ ఉన్న పలక ఊడదీసి, ఆ డబ్బా బయటికి తీసి, చిటికెన వేలి గోరంత రింగులు మార్చాను. ఒక సాయంత్రం పని, రింగుల ఖర్చు ఒక కాఫీ కన్నా తక్కువ. జులైలో టెక్సాస్ ఎండలో మళ్లీ చల్లగాలి మొహానికి తగిలితే కలిగే తృప్తి వేరు.

ఒకసారి నలభై, యాభై మైళ్ల వేగంలో బండి సన్నగా వణకడం మొదలైంది, హైవే అంచున గరుకు గీతల మీద టైర్లు పడ్డట్టు. ఒక షాపులో చూపిస్తే ట్రాన్స్‌మిషన్ మొత్తం రీబిల్డ్ చేయాలన్నారు, చెప్పిన రేటు కారు ఖరీదుకి దగ్గర్లో ఉంది. ఈ నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో ఆ వణుకు చాలాసార్లు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌నీ ట్రాన్స్‌మిషన్‌నీ కలిపే భాగం) లోపలి క్లచ్‌ది, ఫ్లూయిడ్ పాతబడితే వస్తుంది. ట్రాన్స్‌మిషన్ కింద ఉండే పాన్ దించి, ఫిల్టర్ మార్చి, మెర్కాన్ వీ ఫ్లూయిడ్ కొత్తది పోశాను, కొన్ని వారాలకు మరోసారి మార్చాను. వణుకు పోయింది, ఇప్పటిదాకా రాలేదు. అందుకే చెప్తున్నా, ఈ కారు పెట్టుకుంటే దాని గురించి చదివి తెలుసుకోవాలి. తెలియకుండా షాపుల మీద వదిలేస్తే పాత కారు జేబుకి చిల్లే.

లోపాలు దాచను, ఎందుకంటే కొన్ని ప్రాణానికి సంబంధించినవి. దీనికి ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే బండి జారబోతే తనే బ్రేకు వేసి దారిలో పెట్టే వ్యవస్థ, లేదు. 2012 మోడళ్ల నుంచి అమెరికాలో అది తప్పనిసరి అయింది, పాంథర్ ఆగిపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. వానలో, మరీ ముఖ్యంగా ఎండాకాలం తర్వాత పడే మొదటి వానలో, మలుపులో గట్టిగా కాలు వేస్తే వెనక భాగం పక్కకి జారుతుంది. మంచి టైర్లు వేయండి, అక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. రోడ్డు మీద ఐస్ ఉన్న రోజు నేను ఈ కారు బయటికి తీయను. పెట్రోల్ ట్యాంక్ వెనక యాక్సిల్‌కీ డిక్కీకీ మధ్య ఉంటుంది. వెనక నుంచి భారీ వేగంతో గుద్దినప్పుడు పోలీసు క్రౌన్ విక్టోరియాలు తగలబడి అధికారులు చనిపోయారు, ఆ తర్వాత ట్యాంకుకి రక్షణ కవచాలు ఇచ్చారు, 2005 నుంచి పోలీసు కార్లకి మంటలార్పే వ్యవస్థ కూడా ఆప్షన్‌గా పెట్టారు. ముందు బెంచ్ మధ్యలో కూర్చున్నవాళ్లకి నడుము బెల్ట్ మాత్రమే, కాబట్టి ఆరుగురు పడతారన్నది కాగితం మీద మాటే, మేం అక్కడ ఎవరినీ కూర్చోబెట్టం. మా అమ్మాయికి లైసెన్స్ వచ్చాక ఈ కారు ఇవ్వను. తనకి కొత్త రకం భద్రత ఉన్న కారే కొంటాను, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

మైలేజీ సంగతి: చివరి మోడళ్లకి ప్రభుత్వం ఇచ్చిన అంకెలు గ్యాలన్‌కి సిటీలో 16 మైళ్లు, హైవేలో 24. నాకూ దాదాపు అంతే వస్తోంది. రోజూ ఆఫీసుకి ట్రాఫిక్‌లో నలభై మైళ్లు పోయేవాళ్లకి ఇది సరైన కారు కాదు, హైబ్రిడ్ కొనుక్కోండి. కానీ నెలవారీ వాయిదా లేదు, ఇన్సూరెన్స్ తక్కువ, మామూలు 87 ఆక్టేన్ పెట్రోల్ చాలు. ఎమిషన్స్ టెస్ట్ అంటే నాకెప్పుడూ టెన్షన్ లేదు, ఇంజిన్ సరిగ్గా చూసుకుంటే నిక్షేపంగా పాసవుతుంది.

ఈ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లు దేశమంతా ఉన్నారు, అందులో ఎక్కువమంది నాలాగే బయటి రంగు కన్నా అడుగుభాగం గురించి మాట్లాడేవాళ్లే. పోలీసు కారు విడిభాగాలు మెర్క్యురీకి ఎక్కించడం మా అందరికీ ఇష్టమైన పని. వీఐఎన్‌లో (కారు గుర్తింపు నంబరులో) పీ71 అని, అంటే పోలీసు కారని, ఉన్న క్రౌన్ విక్ జంక్‌యార్డ్‌కి వచ్చిందంటే అల్యూమినియం డ్రైవ్ షాఫ్ట్ కోసం, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే లావు స్వే బార్ కోసం, ఆయిల్ కూలర్ కోసం పొద్దున్నే పానాలు పట్టుకుని వెళ్తాం. వేలకు వేల కార్లు పోలీసు శాఖలు వాడి వదిలేశాయి కాబట్టే ఇన్నేళ్లు భాగాలు చవగ్గా దొరికాయి. ఆ రోజులు అయిపోతున్నాయి, దీన్ని చూసి నాకు నిజంగా బాధేస్తుంది. ఆఖరి క్రౌన్ విక్టోరియా 2011 సెప్టెంబర్ 15న కెనడాలోని ఒంటారియోలో సెయింట్ థామస్ ప్లాంట్ నుంచి బయటికొచ్చింది, గల్ఫ్ మార్కెట్ కోసం తయారైన కారు అది. పోలీసులు డాడ్జ్ చార్జర్లకీ ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకీ మారిపోయి చాలా ఏళ్లయింది. యార్డులో ఒకప్పుడు వరసగా పడి ఉండేవి, ఇప్పుడు ఒకటో రెండో. ఫిల్టర్లు, బ్రేకులు, బాల్ జాయింట్లు ఇప్పటికీ ఏ షాపులోనైనా ఉంటాయి. హెడ్‌లైట్ల మాడ్యూల్, లోపలి ప్లాస్టిక్ ముక్కలు, మెర్క్యురీకి మాత్రమే సరిపోయే టెయిల్ లైట్లు దొరకడం కష్టమవుతోంది. బాగున్నవి కనిపిస్తే ఇప్పుడే కొని దాచుకోండి, నేను దాచుకుంటున్నాను.

కొనాలనుకుంటే 2003 లేదా ఆ తర్వాతి మోడల్ చూడండి. ఆ ఏడాదే ఫ్రేమ్ ముందుభాగం మార్చారు, పాత స్టీరింగ్ బాక్స్ తీసి ర్యాక్ అండ్ పినియన్ రకం స్టీరింగ్ పెట్టారు, వెనక షాక్ అబ్జార్బర్లను ఫ్రేమ్ బయటికి జరిపారు, నడకలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. టాకోమీటర్ కావాలంటే 2006 నుంచి. 1996-2001 మధ్య కారు చవగ్గా వస్తే ఇంజిన్‌కి గాలి చేర్చే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ మార్చారా అని అడగండి, కూలంట్ దారి దగ్గర పగిలేవి అవే, మార్చినదానికి ముందువైపు అల్యూమినియం క్రాసోవర్ (కూలంట్ పోయే అడ్డదారి) కనిపిస్తుంది. 2003-05 కార్లలో హెడ్‌లైట్లు ఆరిపోయే లైటింగ్ మాడ్యూల్ సమస్య ఉంది, రాత్రిపూట కాసేపు నడిపి చూడండి. ఒహాయో, మిషిగన్ లాంటి ఉప్పు చల్లే రాష్ట్రాల కారైతే లిఫ్ట్ ఎక్కించి ఫ్రేమ్ చూడకుండా డబ్బివ్వొద్దు, తుప్పు పట్టిన ఫ్రేమ్‌కి మందు లేదు. పోలీసు వేలంలో కొంటే మైళ్లతో పాటు ఇంజిన్ గంటల మీటర్ చూడండి, ఆ కార్లు రోజంతా ఆగి ఇంజిన్ నడుస్తూనే ఉంటాయి. వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే రాత్రంతా నిలిపి ఉంచమని చెప్పి పొద్దున వెళ్లి చూడండి. వెనక భాగం కిందికి దిగి ఉంటే సస్పెన్షన్‌లో స్ప్రింగుల బదులు ఉండే గాలి బ్యాగుల రబ్బరు పోయినట్టే, కాయిల్ స్ప్రింగులు వేయించడానికి అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం ఆడండి.