తరగతి గదిలో ఏ పురుగు మేలు?

రూపవిక్రియ (గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రూపం మారడం) పాఠానికి బతికున్న పురుగుల్ని పెంచి చూపిద్దామనుకున్న బయాలజీ టీచర్లకు ముందు గుర్తొచ్చేది పట్టుపురుగు. కుట్టదు, పారిపోదు, రెక్కల పురుగుగా మారినా ఎగరలేదు. దాదాపు 25 రోజులు తిని, నాలుగుసార్లు కుబుసం విడిచి గూడు కడుతుంది. అయినా గుంటూరు, విజయవాడ బడులకు అది సరిపడదని నా అభిప్రాయం. రోజూ తాజా మల్బరీ ఆకు కావాలి. హిందూపురం వైపైతే దొరుకుతుంది, ఇక్కడ ఎవరు తెచ్చిస్తారు? పైగా దానికి 25 డిగ్రీల చుట్టుపక్కల వేడి నప్పుతుంది. మన ఎండలకు, ఏసీ లేని గదిలో బతకడం కష్టం.

నా ఓటు కరివేపాకు చెట్టు మీది గొంగళిపురుగుకే. నిమ్మ, కరివేపాకు ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక పిల్ల అది. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటిది బయటికి చాచి ఘాటు వాసన వదులుతుంది. శత్రువుల నుంచి రక్షణ అనే పాఠం పిల్లలకు ముక్కుకే తెలుస్తుంది! ఒక్కోసారి ప్యూపాలోంచి (గొంగళి, రెక్కల దశల మధ్య దశ) సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగలు వస్తాయి. పిల్లలు డీలా పడతారు, కానీ పరాన్నజీవనం (ఒక జీవి మరో జీవిని తింటూ దాని మీదే బతకడం) చెప్పడానికి అంతకంటే మంచి రోజు దొరకదు.

మంగళగిరి వైపు కరివేపాకు తోటలున్నా, మందు కొట్టిన ఆకు పెడితే పురుగు చచ్చిపోతుంది. పెరటి చెట్టు ఆకే వాడండి. మునగ చెట్టు మీది బొచ్చు పురుగుల్ని మాత్రం పిల్లల చేత ముట్టించొద్దు, దురదలు పుడతాయి.

ఇక దోమ లార్వాలు, అంటే నీళ్లలో ఉండే దోమ పిల్లలు. ఖర్చు లేదు, పది రోజుల్లో కథ అయిపోతుంది. క్యూలెక్స్ రకం దోమ లార్వా నీటి పైభాగాన తలకిందులుగా వేలాడితే, అనాఫిలస్ రకానిది అడ్డంగా పడుకుంటుంది. ఈ తేడా కళ్లారా చూసిన పిల్లలు ఇంటికెళ్లి కూలర్ నీళ్లు, పూలకుండీల పళ్లేలు తామే వెతుకుతారు. వానాకాలంలో డెంగీ టెన్షన్ ఉండే మన ఊళ్లకు అది చిన్న లాభం కాదు. అందుకే కరివేపాకు పురుగు తర్వాత రెండో స్థానం దీనికిస్తాను. సీసా మూతికి సన్నటి వల గుడ్డ బిగించి కట్టాలి. ప్యూపాలు కనబడగానే ఆ నీళ్లను కాలవలో కాకుండా ఎండిన నేల మీద పారబోయాలి.