ఎల్‌కేజీ సీటుకి ఇంటరాక్షనా, పాయింట్లా, లాటరీనా? ఏది మేలు?

మూడున్నరేళ్ల పిల్లకి ఎంట్రన్స్ ఏంటండీ అని నవ్వినవాళ్లే అడ్మిషన్ల సీజన్ వచ్చేసరికి కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి రంగులు, షేపులు, ఇంటి అడ్రస్ బట్టీ పట్టిస్తుంటారు. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేట్ స్కూళ్లు చాలావాటిలో ఉండేది ఇంటరాక్షన్, అంటే పాపని ఒక గదిలో బ్లాకులు పేర్చమంటారు, బొమ్మ చూపించి ఇదేంటంటారు, పక్క గదిలో అమ్మానాన్నల్ని ఏం చదివారు, ఎక్కడ పని చేస్తున్నారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడుగుతారు. ఎవరికి సీటు ఎందుకు ఇచ్చారో, ఎవరికి ఎందుకు ఇవ్వలేదో మాత్రం చెప్పరు.

ఇది చట్టానికి ఒప్పదు కదా అంటే, సగం నిజం. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 13 ప్రకారం పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ స్క్రీనింగ్ చేయకూడదు, చేస్తే మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా ఫైన్. లాటరీలాంటి ర్యాండమ్ పద్ధతి కాకుండా ఒకర్ని కాదని ఇంకొకర్ని ఎంచుకునే ఏ పద్ధతైనా స్క్రీనింగే అని అందులోనే రాసుంది. కానీ ఆ చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి, నర్సరీ జనరల్ సీట్లకి అది వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అసలు పోటీ అంతా నర్సరీ, ఎల్‌కేజీ దగ్గరే కదా, తర్వాత ఒకటో క్లాసులో కొత్తగా మిగిలే సీట్లెన్ని?

నా గొడవ చట్టంతో కాదు, ఆ వయసుతో. ఒకే బ్యాచ్‌లో జూన్‌లో పుట్టినవాడూ ఉంటాడు, తర్వాతి మే నెలలో పుట్టినవాడూ ఉంటాడు, మధ్యలో పదకొండు నెలల తేడా, నాలుగేళ్ల పిల్లాడికి అది వాడి జీవితంలో దాదాపు నాలుగో వంతు! పెద్దవాడు గడగడా మాట్లాడితే తెలివి అంటాం, చిన్నవాడు అమ్మ కొంగు వదలకపోతే రెడీగా లేడంటాం. ఆ రోజు నిద్ర చాలకపోయినా, జలుబు చేసినా అంతే సంగతులు.

ఢిల్లీలో ఈ ఇంటర్వ్యూల మీద కోర్టుకెళ్లాక 2007 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది, స్కూల్‌కి దగ్గర్లో ఇల్లుంటే ఇన్ని, అన్నో అక్కో అక్కడే చదువుతుంటే ఇన్ని, అమ్మానాన్న పాత స్టూడెంట్లయితే ఇన్ని. పిల్లల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగరు, అది మంచిదే. కానీ అక్కడికి బదిలీ మీద వెళ్లిన తెలుగు కుటుంబానికి అన్నయ్య పాయింట్లూ ఉండవు, పాత స్టూడెంట్ పాయింట్లూ ఉండవు, మంచి ఏరియాలో అద్దె కట్టగలిగితే దూరం పాయింట్లొస్తాయి. పరీక్ష పిల్లాడికి పోయి ఇంటికి పడింది, అంతే.

కేంద్రీయ విద్యాలయంలో ఒకటో క్లాసుకి టెస్టూ లేదు ఇంటర్వ్యూ లేదు, మార్చి 31కి ఆరేళ్లు నిండాలి, ఆన్‌లైన్ లాటరీ. బాలవాటిక, అంటే ఒకటో క్లాసుకి ముందు తరగతులు, ఉన్నచోట చిన్నపిల్లలకీ లాటరీయే. అయితే ముందు వరస కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలది, ప్రైవేట్ ఉద్యోగుల పిల్లలు చివరి కేటగిరీలో ఉంటారు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోలేం.

లాటరీ అంటే తెలివైన పిల్లలకి అన్యాయం అనేవాళ్లు న్యూయార్క్ సంగతి చూడండి. అక్కడి పబ్లిక్ స్కూళ్లలో, అంటే సర్కారు స్కూళ్లలో, చురుకైన పిల్లల కోసం విడిగా నడిపే గిఫ్టెడ్ ప్రోగ్రామ్‌కి నాలుగేళ్ల పిల్లలకి టెస్ట్ పెట్టేవాళ్లు, 90వ పర్సంటైల్ రావాలి, అంటే వందలో తొంభై మందిని దాటాలి, ఇంకేముంది, ఆ వయసు పిల్లలకీ కోచింగ్‌లు మొదలయ్యాయి. 2021లో ఆ టెస్ట్ ఆపేశారు, ప్రీస్కూల్ టీచర్ ఏ పిల్లల పేర్లు పంపితే వాళ్లలో లాటరీ. అది కూడా గొప్పగా ఉందని అనను, టీచర్ కంట్లో పడటం ఇంకో పరీక్షే.

నన్నడిగితే లాటరీ మొదటిది, పాయింట్లు రెండోది, ఇంటరాక్షన్ ఆఖరిది. లాటరీలో సీటు రాకపోతే పిల్లకి ఏదో లోపం ఉందని ఇంట్లో ఎవరూ అనరు, ఈ ఒక్కటి చాలు నాకు.

కానీ మన దగ్గర చాలామందికి ఎలాగూ ఇంటరాక్షనే గతి. అలాంటప్పుడు ఫామ్ కొనేముందే అడగండి: గదిలో అమ్మ పక్కన ఉండొచ్చా, పాప తెలుగులో జవాబిస్తే పర్లేదా, ఒంట్లో బాలేకపోతే ఇంకో రోజు ఇస్తారా. మూడింటికీ నీళ్లు నమిలితే ఆ ఫామ్ డబ్బులు మిగుల్చుకోండి.