ఎడిసన్ బల్బులు, ఊరికో డిమ్మర్: ఆరేళ్ళ వాడకం తర్వాత

మా నాటక సమాజానికి లైటింగ్ చూసేది నేనే. ఆరేళ్ళ కిందట ఒక నాటిక కోసం పన్నెండు ఎడిసన్ బల్బులు కొన్నాం. లోపల తీగ పంజరంలా అల్లుకుని కనిపించే రకం, ఎస్‌టీ64 సైజు, ఒక్కోటి 40 వాట్లు. కరెంటు తక్కువ తింటాయని మరుసటి ఏడాది అదే ఆకారంలో 4 వాట్ల ఎల్‌ఈడీవి ఇంకో పన్నెండు తెచ్చాం. అప్పటినుంచి రెండు రకాలూ మాతోపాటు నాటక పోటీలు జరిపే పరిషత్తులన్నీ తిరుగుతున్నాయి.

ముందు తీగ బల్బుల సంగతి. ఫుల్లులో పెడితే వీటిలో అందమేమీ కనిపించదు. ప్రేక్షకుడి కళ్ళలో కొడతాయి, వాటి ముందు నిలబడ్డ నటుడి ముఖం నల్లబడుతుంది. ఫేడర్‌ను, అంటే డిమ్మర్‌లో వెలుగు తగ్గించే జారుడు మీటను, నూటికి 30కి దించండి, అప్పుడు తీగలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. పదికి దిగాక పొయ్యిలో చివరి నిప్పుకణికలా ఎర్రబడతాయి. మా నాటిక చివర్లో ముసలాయన పడక్కుర్చీలో ఒంటరిగా మిగులుతాడు, వెలుగు మెల్లగా తగ్గిపోయే నలభై సెకన్ల ఫేడ్. ఆ చివరి పది సెకన్ల ఎరుపు కోసమే ఈ బల్బులు కొన్నామని చెప్పినా తప్పులేదు.

అంత తక్కువలో ముఖాల మీద వెలుగేమీ పడదు. అందుకే పైనుంచి ఒక పార్ క్యాన్‌కు (డబ్బాలాంటి స్టేజీ లైటు) అంబర్ జిలెటిన్ (నారింజ పసుపు రంగు పారదర్శక రేకు) వేసి, అదే క్యూలో, అంటే బల్బులతో పాటే, కలిపి దింపుతాను. పని చేసేది పార్ క్యాన్, పేరు బల్బులకు.

ఒక ఇబ్బంది మాత్రం రిహార్సల్‌లో తెలియలేదు. ఫేడర్ సగంలో ఉంటే తీగలు జుమ్మని పాడతాయి. డిమ్మర్ సెకనుకు వందసార్లు కరెంటును కోసి వదులుతుంది కదా, ఆ దెబ్బకు సన్నటి తీగ వణుకుతుంది. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే వినపడదు. ఏసీ హాల్లో, మైకు పక్కన, నటుడు మౌనంగా ఉన్నప్పుడు తేనెతుట్టె కదిపినట్టే ఉంది. అప్పటినుంచి సగం దగ్గర ఆపడం మానేశాను.

ఇక ఎల్‌ఈడీలు. డబ్బా మీద ‘డిమ్మబుల్’ అని రాసి ఉంది, అబద్ధం కాదు. ఇంట్లో గోడ డిమ్మర్ మీద బాగానే తగ్గాయి. స్టేజీ లైట్లన్నిటినీ తగ్గించి పెంచేది డిమ్మర్ ప్యాక్ అనే పెట్టె, మాకు ఊరికొకటి. అద్దెకు వచ్చేది ఎన్నేళ్ళదో అడిగినా చెప్పరు. ఛానల్‌కు, అంటే లైట్లు తగిలించే ఒక్కో లైనుకు, రెండు కిలోవాట్లు మోయడానికి చేసిన దానికి పన్నెండు బల్బులూ కలిపి 48 వాట్లు తగిలిస్తే, అది లోడు కిందే లెక్కపెట్టదు. ఒక పరిషత్తులో ఆ నలభై సెకన్ల ఫేడ్ మొదలుపెట్టాను. పదిహేను దగ్గర నాలుగు బల్బులు టప్పున ఆరాయి, మూడు కొట్టుకున్నాయి, మిగతావి ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి. బ్లాకౌట్ ఇచ్చాక కూడా అన్నిట్లో సన్నగా వెలుగు నిలబడింది. ముందు వరసలోంచి ఒక పెద్దాయన, “ఇదేంట్రా, దయ్యాల కొంపా?” అన్నాడు. ముసలాయన చావు సీను మీద హాలంతా నవ్వింది. దర్శకుడు ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

తర్వాత దొరికిన మందు చాలా పాతది. ఒక చెక్కకు హోల్డర్ బిగించి, వంద వాట్ల మామూలు బల్బు పెట్టి, అదే ఛానల్‌కు జంక్షన్ బాక్స్‌లో కలిపేశాను. డిమ్మర్‌కు లోడు దొరికింది, కొట్టుకోవడం చాలావరకు పోయింది, బ్లాకౌట్‌లో దయ్యాలూ పోయాయి. ఆ చెక్కను తెరలకు దూరంగా గ్రీన్ రూమ్ నడవాలో పెడతాం. అయినా రంగు సమస్య తీరదు. తీగ బల్బు తగ్గేకొద్దీ ఎర్రబడుతుంది, ఎల్‌ఈడీ మొదట ఏ రంగో చివరిదాకా అదే రంగు, వెలుగు మాత్రం తగ్గుతుంది. నాకది ఆరిపోతున్నట్టుండదు, ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది. సీనంతా ఒకే వెలుగులో ఉండే చోట, పిల్లల చేతికి అందే ఎత్తులో కట్టాల్సిన చోట ఎల్‌ఈడీలే వాడతాను. తీగ బల్బు చెయ్యి కాలుస్తుంది.

కొనేవాళ్ళకు ఒక మాట. ఇవి స్క్రూ హోల్డర్‌వి, ఈ27. మన సెట్టింగుల వాళ్ళ దగ్గర ఉండేవి పిన్ హోల్డర్లు. మధ్యలో అడాప్టర్ పెడితే వదులై చిటపటలాడుతుంది, నేరుగా స్క్రూ హోల్డర్లే వైరింగ్ చేయించుకోండి. సీనుకు ముందు ఫేడర్ ఐదు దగ్గర పెట్టి తీగను కాస్త వేడెక్కించండి. చల్లటి తీగ ఒక్కసారిగా లాగే కరెంటు చాలా ఎక్కువ.

పన్నెండు తీగ బల్బుల్లో ఏడు మిగిలాయి. మూడు వ్యాన్ కుదుపులకు, ఒకటి చేతిలోంచి జారి పోయాయి. సహజ మరణం ఒక్కదానికే. ఎప్పుడూ తక్కువలో వెలిగించడం వల్ల ఆయుష్షు బాగా పెరుగుతుంది, చంపేది ప్రయాణమే. వేడి చల్లారకుండా విప్పకూడదు. మోయడానికి అన్నిటికన్నా కుదిరింది మందు సీసాల అట్టపెట్టె, గళ్ళు సరిగ్గా సరిపోయాయి. పరిషత్తు నిర్వాహకులు దాన్ని చూసే చూపుకు అలవాటు పడాలి.

పాతకాలం ఇల్లు సెట్టుకు మాత్రం వీటిని కట్టకండి. మేం కట్టాం. న్యాయనిర్ణేత ఒకాయన, “కాఫీ షాపులా ఉందండీ” అన్నారు, నిజమే. ఆ ఇంటికి ఎనామిల్ రేకు కింద వేలాడే మామూలు క్లియర్ బల్బు ఒక్కటి చాలు. ఇప్పుడు మేం అదే వాడుతున్నాం.

నడవాలో చెక్క మీది వంద వాట్ల బల్బును తీగ బల్బులు వాడే రోజు కూడా తీయనివ్వరు మా వాళ్ళు. స్టేజీ మీద వెలుగు పెరిగితే అక్కడా పెరుగుతుంది కదా, దాన్ని చూసే నటులు లేచి స్టేజీ పక్కనున్న వింగ్‌లోకి వస్తారు.