బ్లాక్ టెస్టర్ నాలుగేళ్లు వాడాక: హెడ్ గాస్కెట్ సంగతి అది చెప్పేదెంత, చెప్పనిదెంత

నేను మెకానిక్‌ని కాను. మదనపల్లె మార్కెట్ నుంచి తిరుపతికి, చెన్నై కోయంబేడుకు టమాటా తోలే డీజిల్ పికప్ నాది. ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. తిరిగొచ్చేటప్పుడు తిరుపతిలో కిరాణా సరుకు ఎత్తుకుంటాను. అంటే బండికి అసలు కష్టం పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. భాకరాపేట ఘాట్ లోడుతో ఎక్కాలి.

నాలుగేళ్ల కిందట మే నెలలో ఆ ఘాట్‌లోనే హీట్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది. పక్కకు ఆపి చూస్తే ఓవర్‌ఫ్లో డబ్బాలో నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి. మర్నాడు మెకానిక్ బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తీసి, బుడగలు చూసి ఒకటే మాట అన్నాడు. "హెడ్ గాస్కెట్ కొట్టేసింది అన్నా, హెడ్డు దించాల్సిందే." హెడ్డంటే ఇంజన్ పైభాగం. దానికీ కింది బ్లాకుకూ మధ్య బిగించే పల్చటి పలకే గాస్కెట్. సిలిండర్లో మంటా, చుట్టూ పారే నీళ్లూ కలవకుండా ఆపేది అదే. గాస్కెట్, కొత్త బోల్టులు, లేత్ షాపులో హెడ్డు చదును చేసే ఫేసింగ్, కూలి అన్నీ కలిపి 35 వేలు చెప్పాడు. సీజన్‌లో వారం రోజులు బండి ఆగితే పోయేది వేరే లెక్క. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో వెతుకుతుంటే ఈ బ్లాక్ టెస్టర్ కనబడింది. మందు సీసాతో కలిపి రెండు వేల లోపే పడింది.

చూడ్డానికి ఏమంత లేదు. ఒక గాజు గొట్టం, కింద రేడియేటర్ నోటికి బిగుతుగా కూర్చునే రబ్బరు కోను, పైన పిండే రబ్బరు బంతి. గొట్టంలో నీలం మందు పోసి, ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ మందులోంచి పీల్చాలి. పొగలో ఉండే కార్బన్ డయాక్సైడ్, అదే మన గోలీసోడాలో ఉండే గ్యాసు, మందులో కరిగితే పులుపెక్కి రంగు మారుతుంది. మందు పేరు బ్రోమోథైమాల్ బ్లూ. పెట్రోల్ బండైతే పసుపు అవుతుంది, డీజిలైతే ఎక్కువగా ఆకుపచ్చ దగ్గర ఆగుతుంది. నీళ్ల దారిలోకి పొగ రావడానికి మామూలుగా వేరే పని లేదు కాబట్టి రంగు మారితే అనుమానించాలి.

ఆ రోజు నా బండికి పది నిమిషాలు పిండినా మందు నీలంగానే ఉంది. మరి బుడగలేమిటి? పక్క ఊళ్లో రేడియేటర్ షాపాయన చేతిపంపు గేజీతో మూతను పరీక్షించాడు. దాని మీద 0.9 అని ఉంది. గేజీ ముల్లు 0.3 దగ్గరే జారిపోయింది. 0.9 బార్ ఒత్తిడి నిలబడితే నీళ్లు 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి నిలవకపోతే ఘాట్‌లో మామూలు వేడికే మరుగుతాయి, బుడగలొస్తాయి, నీళ్లు డబ్బాలోకి తన్నుకుపోతాయి. దానికి తోడు ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య రెండేళ్ల దుమ్ము, పురుగులు కంబళిలా పేరుకున్నాయి. మూత మార్చాను, రేడియేటర్ దించి కడిగించాను. మొత్తం రెండు వేలు దాటలేదు. 35 వేలు మిగిలాయన్న సంబరంలో కనబడిన ప్రతివాడికీ టెస్టర్ గురించి చెప్పాను. ఆ సంబరమే తర్వాత కొంప ముంచింది.

ఏడాదికి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, బండి నీళ్లు తాగతా ఉండాది. బయట యాడా కారడం లేదు." వారానికి లీటరు దాకా పోయాల్సి వస్తోందట. ఆదివారం పొద్దున టెస్టర్ పట్టుకుని పోయాను. వాళ్లింటి ముందు బండి ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉత్తినే నడుస్తుండగా పెట్టి అయిదు నిమిషాలు పిండాను. నీలం. "గాస్కెట్ బంగారంలా ఉంది, హోసులు చూపించు" అని పెద్ద మెకానిక్‌లా చెప్పి, దోసెలు తిని వచ్చాను. మూడు వారాలకు వాడి బండి అదే ఘాట్‌లో ఆగింది. క్రేన్‌తో లాక్కొచ్చారు. హెడ్డు దించితే మూడో సిలిండర్ అంచు నుంచి నీళ్ల రంధ్రం దాకా గాస్కెట్ మీద నల్లటి గీత, మసి పట్టిన దారి. హెడ్డు కూడా వంగింది. బిల్లు 41 వేలు. వాడు నన్నేమీ అనలేదు. మా చెల్లెలు మాత్రం ఇప్పటికీ అంటుంది.

తప్పు టెస్టర్‌ది కాదు, నాది. పెట్రోల్ ఇంజన్ పొగలో కార్బన్ డయాక్సైడ్ నూటికి 13, 14 పాళ్లు ఉంటుంది. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో కావలసినదానికన్నా చాలా ఎక్కువ గాలి పీలుస్తుంది కాబట్టి పొగలో ఆ గ్యాసు రెండు మూడు పాళ్లే ఉంటుంది. సన్నటి లీకులోంచి అది ఇంకెంత వస్తుంది? పైగా చాలా లీకులు హెడ్డు బాగా వేడెక్కి, టర్బో ఊది, సిలిండర్‌లో మంట ఒత్తిడి వంద బార్ దాటినప్పుడే నోరు తెరుస్తాయి. ఐడిల్‌లో బుద్ధిగా మూసుకుని కూర్చుంటాయి. డీజిల్ బండిలో రంగు మారితే నమ్మండి. మారకపోతే మాత్రం గాస్కెట్ బాగుందని అర్థం కాదు. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా రాయలేదు. ఒక స్టార్ అందుకే తీసేస్తున్నాను.

ఇప్పుడు నేను టెస్టర్ తీసేముందు రాత్రి బండి ఆపి, పొద్దున పూర్తిగా చల్లారాక చేత్తో పై హోసు నొక్కి చూస్తాను. రాత్రంతా చల్లారిన బండి హోసు మెత్తగా ఉండాలి. గట్టిగా ఉండి, మూత తిప్పగానే బుస్సుమంటే నీళ్లలోకి గ్యాసు ఎక్కుతోందన్న మాటే. వేడి ఒత్తిడైతే తెల్లారేసరికి దిగిపోవాలి కదా. స్టార్ట్ చేయగానే ఒక సిలిండర్ పట్టక కుంటి, తెల్లపొగ వదిలి, నిమిషంలో సర్దుకుంటే ఇంకో గుర్తు. నడిచేటప్పుడు మంట నీళ్లలోకి తోస్తుంది, ఆపాక ఒత్తిడి నిలిచిన నీళ్లు సిలిండర్‌లోకి కారతాయి. ఈ రెండూ కాణీ ఖర్చు లేనివి.

తర్వాత లోడుతో ఘాట్ ఎక్కించి, కింద కాదు, పైన పరీక్ష. ఇంజన్ ఆపి, ఒత్తిడి దిగేదాకా అరగంటో ముప్పావుగంటో ఆగి, గుడ్డ కప్పి మెల్లగా మూత తీయాలి. వేడి మీద తీసి ముఖం కాల్చుకున్న క్లీనర్ని నేను చూశాను, తొందరొద్దు. రెండంగుళాల నీళ్లు తీసేయాలి, లేకపోతే టెస్టర్ కూలెంట్ తాగుతుంది, ఆ మందు ఇక పనికిరాదు. మళ్లీ స్టార్ట్ చేసి, ఒకరు రెండు వేల ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ పట్టుకుంటే ఇంకొకరు పిండాలి. ఆరుబయట చేయండి. ఒకసారి షెడ్డులో తలుపు వేసి చేస్తే షెడ్డు పొగకే మందు పచ్చబడి, ఉత్త పుణ్యానికి రెండు రోజులు టెన్షన్ పడ్డాను.

మందు బతికుందో లేదో ముందే చూసుకోవచ్చు. టెస్టర్ కోనులోకి మీ ఊపిరి ఊది పీలిస్తే చాలు, మన ఊపిరిలోనూ ఆ గ్యాసే కాబట్టి పచ్చబడుతుంది. పచ్చబడకపోతే పారబోయండి. మంచి గాలి కాసేపు పిండితే మళ్లీ నీలమవుతుంది. సీసాను డాష్‌బోర్డు మీద ఎండకు పెట్టకండి.

ఇంకోటి. పచ్చ రంగు గాస్కెట్ అని చెప్పదు, నీళ్లలో పొగ కలిసిందని మాత్రమే చెబుతుంది. హెడ్డుకు పగులు ఉన్నా అంతే, ఈజీఆర్ కూలర్ లోపల చిల్లి పడినా అంతే. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ముందు దాన్ని చల్లార్చేది ఆ కూలరే, అందులో ఒకపక్క పొగ, ఒకపక్క నీళ్లు పారతాయి. నిరుడు మా వీధిలో ఒకాయన బండికి పచ్చ వచ్చింది. హెడ్డు దించే ముందు కూలర్‌కు వెళ్లే రెండు నీళ్ల హోసులు తీసి ఒకదానికొకటి కలిపేసి, కూలర్‌ను పక్కన పెట్టి మళ్లీ చూడమన్నాను. ఈసారి నీలమే. కూలర్ ఒక్కటి మార్చుకున్నాడు. అలా చేసినా పచ్చే వస్తే, గ్లో ప్లగ్ (స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడిచేసే ప్లగ్గు) తీసి, ఆ సిలిండర్ పిస్టన్‌ను పైకి తెచ్చి, కంప్రెసర్ గాలి కొట్టాలి. ఏ సిలిండర్‌కు గాలి పెడితే రేడియేటర్లో బుడగలొస్తాయో దొంగ అక్కడే. ఇది మెకానిక్ పని, కానీ అడిగి చేయించుకోండి.

ఆయిల్ మూత కింద తెల్లటి వెన్న చూసి భయపడేవాళ్లు చాలామంది. చలికాలంలో రెండు కిలోమీటర్లు తిరిగి ఆపేసే బండికి తేమతో అలా పడుతుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా పాలకాఫీ రంగులో ఉంటే అప్పుడు భయపడండి, బండి కదపకండి.

టెస్టర్ నాణ్యత అంతంతమాత్రమే. రబ్బరు కోను రెండో ఏడాదికే పగిలింది, పాత ట్యూబు ముక్క చుట్టి నడిపిస్తున్నాను. బంతి బాగానే ఉంది. కొనేవాళ్లు గొట్టంలో రెండు అరలున్నది తీసుకోండి. ఒక అరలో మందు మారి రెండోది మారకపోతే కొంచెం ఆగి మళ్లీ చూడొచ్చు. నాది ఒకే అర, అదో చింత. మందు విడిగా దొరకడం కష్టం, దొరికినా సీసా ధర సగం కిట్టంత.

ఇప్పుడు టెస్టర్ నా దగ్గర లేదు. 35 వేలు చెప్పిన మెకానికే పదిహేను రోజుల కిందట అడిగి తీసుకుపోయాడు. మళ్లీ ఇవ్వలేదు. ఫోన్ చేస్తే, కొత్త మందు ఎక్కడ దొరుకుతుందన్నా అని నన్నే అడుగుతున్నాడు.