ఎంజీబీకి జంట ఎస్‌యూలు మేలా, ఒంటి వెబర్ మేలా?

పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) చేతికొచ్చిన ప్రతివాడికీ కొన్నాళ్లకు ఒకటే ఆలోచన మొదలవుతుంది. ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి పంపే ఈ రెండు ఎస్‌యూ కార్బొరేటర్లనీ సరిచూసుకుంటూ కూర్చోవడం ఎందుకు, పీకేసి ఒక పెద్ద వెబర్ కార్బొరేటర్ బిగించేస్తే పోలా? బండి ఉండేది భీమవరంలోనో, అమలాపురంలోనో అయితే నా జవాబు ముందే చెప్పేస్తాను: ఎస్‌యూలే ఉంచుకోండి. అలాగని వెబర్ తక్కువదేమీ కాదు. మన పెట్రోలుకీ, మన రోడ్లకీ అది నప్పదు, అంతే.

ముందు ఇంజన్ సంగతి. 1962 నుంచి 1980 దాకా తయారైన ఎంజీబీలో ఉన్నది 1798 సీసీ బీ-సిరీస్ ఇంజన్. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ ఇంజన్‌దీ అదే కుటుంబం. అందుకే టాపెట్లు పట్టడం, పాయింట్లు చూడటం తెలిసిన పాత మేస్త్రీలు ఈ బండి బానెట్ ఎత్తితే బెదిరిపోరు. ఆ హెడ్‌లో నాలుగు సిలిండర్లకీ కలిపి గాలి లోపలికి పోయే దారులు రెండే. ఒకటీ రెండూ ఒక దారి పంచుకుంటాయి, మూడూ నాలుగూ ఇంకోటి. దారికో ఎస్‌యూ పెట్టారు కంపెనీవాళ్లు. 45 డీసీఓఈ అనే మోడల్ వెబర్‌లో గొట్టాలు రెండుంటాయి కాబట్టి ఒక్క వెబర్‌తోనే దారికో గొట్టం వస్తుంది. రెండు వెబర్లు పెడతానంటారా, దారులు రెండే ఉంటే నాలుగు గొట్టాలు దేనికి? ఆ ఊసు వదిలేద్దాం.

అసలు తేడా లోపలుంది. ఎస్‌యూలో ఇంజన్ గాలి లాగేకొద్దీ పిస్టన్ దానంతటదే పైకి లేస్తుంది. దాని అడుగున ఉన్న నీడిల్ చివరికొచ్చేసరికి సన్నబడుతుంది కాబట్టి, అది లేచేకొద్దీ జెట్‌లో (పెట్రోలు వచ్చే రంధ్రంలో) ఖాళీ పెరిగి పెట్రోలూ పెరుగుతుంది. బైకుల్లో వచ్చిన సీవీ కార్బొరేటర్ సూత్రం కూడా ఇదే. వెబర్‌లో గొట్టం వెడల్పు మారదు. స్లోకి ఒక జెట్, పరుగుకి మెయిన్ జెట్, గాలికి ఇంకో జెట్, నడుమ పెట్రోల్లో గాలి కలిపే ఎమల్షన్ ట్యూబు, ఎక్సలేటర్ తొక్కగానే పెట్రోలు చిమ్మే పంపు, ఇలా దేని పని దానిదే. ఒకటి మారిస్తే మిగతావీ చూసుకోవాలి. మెయిన్ జెట్ మీద 150 అని ఉంటే రంధ్రం 1.50 మిల్లీమీటర్లని లెక్క. మన ఇంజన్‌కి 145 కావాలా, 155 కావాలా అన్నది చెవితో తేలే విషయం కాదు. రోలింగ్ రోడ్డు (బండిని నిలబెట్టి చక్రాలు రోలర్ల మీద తిప్పి చూసే యంత్రం) మీదైనా తేల్చాలి, సైలెన్సర్‌లో సెన్సర్ పెట్టి మీటర్ చూస్తూ నడిపైనా తేల్చాలి.

ఈ తేల్చుకోవడం ఇప్పుడు తప్పదు కూడా. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైపోయింది. ఉత్త పెట్రోలు కిలో పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ 20 శాతం కలిసినదానికి (ఇ20కి) 13.5 కిలోల చుట్టుపక్కల చాలు. అంటే అప్పట్లో కంపెనీ చెప్పిన సెట్టింగే ఉంచితే మిక్చర్ (గాలీ పెట్రోలూ కలిసిన పాళం) పలచబడుతుంది, అంటే పెట్రోలు చాలదు. బండి పికప్‌లో వెనకాడుతుంది, ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్ పటపటమంటుంది, ఇంజన్ వేడెక్కుతుంది. హెచ్ఎస్4 అనే రకం ఎస్‌యూలో అయితే అడుగున జెట్ నట్టు ఉంటుంది. దాన్ని పానాతో ఒకటో రెండో పలకలు (నట్టు ముఖాలు) తిప్పి కిందికి దించితే మిక్చర్ చిక్కబడుతుంది. పై వేగాల్లో ఇంకా పలచగా ఉంటే నీడిళ్ల జత మార్చుకోవాలి, అవి రెండే ముక్కలు. వెబర్‌కైతే రకరకాల జెట్లు తెప్పించుకోవాలి, కొరియర్ కోసం ఎదురుచూడాలి, తీరా వచ్చాక అది సరైన సైజు కాదని తేలితే మళ్లీ ఆర్డర్.

ఇథనాల్‌కి తేమ లాగే గుణం కూడా ఉంది. వానాకాలం ముసురుల్లో బండిని నెలల తరబడి షెడ్డులో వదిలేస్తే ఫ్లోట్ చాంబర్ (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే గిన్నె) అడుగున నీళ్లు దిగుతాయి, లోహం మీద తెల్లటి పొడి కడుతుంది. రెండు కార్బొరేటర్లకీ ఈ బాధ ఉంది. అయితే హెచ్ఎస్4 జెట్ రంధ్రం 0.090 అంగుళం, రెండు మిల్లీమీటర్ల పైమాటే, అంత తొందరగా పూడదు. వెబర్ స్లో జెట్ అర మిల్లీమీటరు చిల్లు. నలక పడిందంటే స్లోలో మిస్సింగే. వెబర్‌ని మెచ్చుకోవలసిందీ ఇక్కడే: పైన రెక్కల నట్టు ఒకటి విప్పి మూత తీస్తే జెట్లన్నీ చేతికందుతాయి, కార్బొరేటర్ దించక్కర్లేదు. ఏది ఉంచినా పాత రబ్బరు పైపులు మాత్రం ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి.

మే నెల ఎండలో ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాని బాధలో రెండూ సమానమే. ఈ ఇంజన్‌లో కార్బొరేటర్లూ, ఎగ్జాస్టూ ఒకే పక్క ఉంటాయి. మధ్యలో వేడి ఆపే రేకు ఊడిపోకుండా చూసుకోవాలి.

ఇక రోడ్లు. కాలవ గట్ల మీద ట్రాక్టర్ వెనకాల, 216 హైవే మీద కొబ్బరికాయల లారీ వెనకాల రెండో గేరులోనో మూడో గేరులోనో పోయే బండి మనది. గోదావరి మీది చించినాడ వంతెన ఎక్కడమే మనకు ఘాట్ రోడ్డు! వెబర్ రుచి తెలిసేది నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక. ఆ గర్జన వింటే ఒళ్లు పులకరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ తక్కువ వేగంలో ఎక్సలేటర్ మెల్లగా తొక్కితే వెనకాడకుండా లాగేది ఎస్‌యూ. పైగా వెబర్‌కి మంచి ఫిల్టర్ పట్టే చోటు ఆ బానెట్ కింద తక్కువ. ఫిల్టర్ లేకుండా ఉత్త ట్రంపెట్లతో (నోరు తెరిచిన గాలి గొట్టాలతో) దాళ్వా (రెండో పంట) కోతల ధూళిలో తిప్పితే సిలిండర్లు అరిగిపోతాయి.

"రెండు ఎస్‌యూలు ఎప్పటికీ కలవవు" అనే ఫిర్యాదు చాలామంది చేస్తారు. పాలకొల్లు మేస్త్రి ఒకాయన మాట దీనికి సరైన జవాబు: "కార్బరేటర్ తప్పు కాదండి ఆయ్, ఇరుసు పక్కనుంచి గాలి లాగేస్తందండి." నిజమే, థ్రాటిల్ స్పిండిల్ (గాలి దారిని తెరిచే రేకు తిరిగే ఇరుసు) అరిగి లొడలొడలాడుతుంటే ఎంత తిప్పినా ప్రయోజనం లేదు. లేత్ షెడ్డులో బుష్‌లు వేయించి, కొత్త స్పిండిల్ పెడితే సగం గొడవ తీరుతుంది. రైసు మిల్లుల పని చేసే చేతులకి ఇదో లెక్క కాదు.

తర్వాత వరస తప్పకూడదు. టాపెట్లు, ప్లగ్గులు, టైమింగ్ చూసి, ఇంజన్ బాగా వేడెక్కాకే కార్బొరేటర్ల జోలికి వెళ్లాలి. రెండు స్పిండిళ్లని కలిపే క్లాంపు వదులు చేసి, స్లో స్క్రూలతో రెండింటి గాలి సమానం చేయాలి. దీనికి మీటర్ కొనాలా, చెవి దగ్గర రబ్బరు గొట్టం పెట్టుకుంటే చాలా? మీటర్ తొందరగా తేలుస్తుంది, చెవి చవగ్గా తేలుస్తుంది. బుస రెండింట్లో ఒకేలా వినిపిస్తే చాలు, నేనైతే గొట్టానికే ఓటేస్తాను. తర్వాత మిక్చర్. పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ని ఒక్క మిల్లీమీటరుకి లోపే ఎత్తి చూడండి. రేస్ పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన, ఇంజన్ తడబడి పడిపోబోతే పలచన, కాస్త పెరిగి వెంటనే మామూలుకొస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒకదాన్ని సవరిస్తే రెండోది మళ్లీ చూడాలి. అన్నీ కుదిరాకే క్లాంపు బిగించాలి.

వెబర్ ఎవరికి మేలంటే, క్యామ్‌షాఫ్ట్ మార్చి ఇంజన్‌ని పోటీలకి సిద్ధం చేసినవాళ్లకి. మిగతావాళ్లు ఆ డబ్బుతో మంచి హెచ్ఎస్4 జత వెతుక్కోండి. 1972 మోడళ్ల నుంచి వచ్చిన హెచ్ఐఎఫ్4 కూడా మంచిదే, కాకపోతే ఫ్లోట్ లోపలే ఉండటంవల్ల విప్పి చూడటం కొంచెం కష్టం. కొనేముందు పైనున్న డాంపర్ (పిస్టన్ కదలికని నెమ్మదింపజేసే నూనె కడ్డీ) తీసి, పిస్టన్‌ని వేలితో పైదాకా ఎత్తి వదలండి. టక్కుమని అడుగుకి తగలాలి. ఎక్కడైనా పట్టేస్తే ఒకదాని పిస్టన్ ఇంకోదాని డోములో (పిస్టన్ లేచే పై మూతలో) వేశారేమో అడగండి, అవి జతగా తయారైనవి, కలగాపులగం చేస్తే కుదరవు.